రేజాన్ గిటారు దించిన సాయంత్రం

టిమిన్స్, ఆదివారం

అమ్మా,

తమ్ముడు కులాసాగా ఉన్నాడు, బెంగపెట్టుకోకు. నిన్న సాయంత్రం వాడి బ్యాండ్ వాయించే పబ్‌కి వెళ్లాను. గనిలో షిఫ్టు దిగి వచ్చినవాళ్లతో కాలు పెట్టే సందు లేదు. డ్రమ్స్ మోతకు నా గుండె అదిరిపోయింది. రెండో పాట సగంలో, బీరు ఒలికిందని ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. రేజాన్ గిటారు దించి, కిందికి దిగి, వాళ్ల మధ్యన నిలబడ్డాడు.

"తప్పుకోరా పాటగాడా!" అని ఒకడు అరిచాడు.

"నీ గొంతు నాకంటే పెద్దదిగా ఉందే అన్నా! పైకొచ్చి నువ్వే పాడు," అన్నాడు మనవాడు.

పబ్బంతా గొల్లున నవ్వింది. అరిచినవాడూ నవ్వేశాడు. నాన్న గొంతు పెంచితే తలుపు చాటుకు పోయే రేజానేనా వీడు అని చూస్తూ ఉండిపోయాను. వాణ్ణి ఇంటికి తీసుకురమ్మని నన్ను పంపావు కానీ, రమ్మని అడగడానికి నాకు నోరు రాలేదమ్మా.

వాడి చలికోటు, ఉన్ని మేజోళ్లు పార్సిల్ చెయ్యి. నేను గురువారం బస్సుకి వస్తాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? కట్టెలు నేనొచ్చి కొడతాను, ఆయన్ని గొడ్డలి ముట్టుకోనివ్వకు. నాన్న ఎలా ఉన్నాడని రేజాన్ అడిగాడని ఆయనతో చెప్పు. నేను కల్పించి రాయడం లేదు, నిజంగానే అడిగాడు.

మీ ఇద్దరికీ ముద్దులతో,
సిమోన్