పడవలో నేను

12 జనవరి 1992, ఆదివారం

కథ మళ్లీ చించేశాను. అన్న మీద రాస్తున్న కథ.

అన్న ధన్‌సింగ్ ఎనభై ఆరు వరదలో పోయాడు. భద్రాచలంలో హమాలీ పని చేసేవాడు. వీధులు మునిగితే జనాన్ని ఎక్కించుకుని వస్తున్న నాటుపడవ తిరగబడింది. శవం దొరకలేదు. బతికి బయటపడ్డ ఇద్దరు ముగ్గురు ఎవరో, ఏ ఊరివాళ్లో తెలియదు. ఆఖరి నిమిషంలో ఏం జరిగిందో మాకు చెప్పినవాళ్లు లేరు. ఆ రోజు నేను ఇక్కడే, పాల్వంచ ప్లాంటులో ఉన్నాను. రోడ్డు మునిగి రిలీవర్ రాలేదు. డబుల్ డ్యూటీ.

"ధన్‌సింగ్ పడవ ఎక్కాడు" అని మొదలుపెడితే పేపర్లో వార్తలా ఉంది. చదివేవాడు ఒడ్డున నిలబడి చూస్తాడు. రాసే నేనూ ఒడ్డునే ఉన్నాను. అయ్యో పాపం అనుకుని ఇద్దరం ఇంటికి పోతాం.

13 జనవరి

డ్యూటీకి పోయే ముందు ఒక వాక్యం రాశాను. "అన్న వెనకాలే నేనూ పడవ ఎక్కాను."

19 జనవరి, ఆదివారం

అయిపోయింది. ఆ వాక్యం తర్వాత ఆగలేదు.

ఒడ్డున ఉన్నవాడికి పడవ మొత్తం కనిపిస్తుంది. పడవలో ఉన్నవాడికి అంత కనిపించదు. ముందు కూర్చున్నవాడి తడిసిన వీపు, కాళ్ల కింద చేరిన నీళ్లు, ఎవరిదో కోడిపెట్ట. అన్న నా పక్కనే కూర్చున్నాడు. బీడీలు తడిసిపోయాయని తిట్టుకుంటున్నాడు. బతికుండగా ఇంత దగ్గరగా వాడిని ఎప్పుడు చూశానో గుర్తు లేదు.

పడవ తిరగబడ్డాక నాకు ఒక చింతకొమ్మ దొరికింది. ఒక చేత్తో కొమ్మ, ఇంకో చేత్తో అన్న. "చెయ్యి జారింది" అని రాశాను. జారింది అంటే తప్పు నీళ్లది. కొట్టేసి "చెయ్యి వదిలాను" అని రాశాను. ఎందుకలా రాశానో ఇప్పటికీ తెలియదు. అలా రాశాకే అది కథలా నిలబడింది.

పోస్టు చేసి వచ్చాను.

8 మార్చి, ఆదివారం

వారపత్రికలో కథ వచ్చింది. కిషన్‌లాల్, పాల్వంచ అని ఊరు కూడా వేశారు.

రుక్మిణి వంటింట్లో నిలబడే చదివింది. కూర మాడింది. నా భార్యకు తెలియనిది ఏముంది? అయినా పొయ్యి ఆర్పి మళ్లీ మొదటినుంచి చదివింది. తర్వాత అంది, "మీరు ఆ దినం ప్లాంటుల ఉన్నరని నాకు ఎరుకే. తెల్లారి వచ్చి నా ముంగటనే కూలవడ్డరు. అయినా సదువుతుంటే పడవల మీరే కనవడ్డరు."

అన్నం పెడుతూ నా కుడిచేతి వైపు చూసింది. చూసినట్టు నాకు తెలిసిందని తెలిసి తల తిప్పుకుంది.

11 మార్చి

కాలనీలో చాలామంది చదివారు. బాగుంది అనేవాళ్లు తక్కువ. భుజం మీద చెయ్యి వేసి ఊరుకునేవాళ్లు ఎక్కువ.

మధ్యాహ్నం వెంకటనారాయణ గారు క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చున్నారు. మా సెక్షన్లో సీనియర్. ఎర్రుపాలెంలో పొలాలున్న మనిషి, ఎవరితోనూ అవసరానికి మించి మాట్లాడరు. టీ చల్లారిపోయేదాకా గ్లాసు తిప్పుతూ కూర్చుని, వాళ్ల నాన్న పోయిన రోజు సంగతి చెప్పారు. "ఆయన పిలిచారండీ. నేను పక్కగదిలోనే ఉన్నా. వినపడనట్టు పడుకున్నా. మా ఆవిడక్కూడా చెప్పలేదు. మీరు పేరు పెట్టి అందరిముందూ చెప్పగా లేంది, నేను మీ ఒక్కరికి చెప్పలేనా?"

అది కల్పన అండీ అనాలి. అనలేదు. నేను అల్లింది తీసుకుని ఆయన జరిగింది ఇచ్చి వెళ్లారు.

సిగ్గేసింది. లోపల ఎక్కడో గర్వంగానూ ఉంది. అంత నమ్మేలా రాశానన్నమాట. ఈ గర్వం సంగతి ఇక్కడ తప్ప ఎక్కడా రాయను.

20 మార్చి, శుక్రవారం, సాయంత్రం

లాలు వచ్చాడు. అన్న భార్య ద్వాలి వదినకు తమ్ముడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. రుక్మిణి ఇచ్చిన నీళ్లు ముట్టుకోలేదు.

అన్న కూతురు హేమ్లి భద్రాచలం హాస్టల్లో పదో తరగతి. అక్కడ ఎవరో పిల్ల చూపిస్తే కథ చదివింది. పత్రిక పట్టుకుని తండాకు వచ్చి తల్లికి చదివి వినిపించింది. తండా అంతా విన్నది.

"మా బావ చెయ్యి ఇడిచిపెట్టి నువ్వు బతికొచ్చినవ్. ఇన్నేండ్లు ఏం ఎరుగనట్టు మా నడుమ తిరిగినవ్. ఊరూరికి ఎరుక జేసినవ్ గని మా అక్కకు ఒక్క మాట చెప్పలె."

అది కథ లాలూ అన్నాను.

"కథయితే నేను అని ఎందుకు రాసినవ్?"

రుక్మిణి అడ్డం వచ్చి, ఆ దినం ఆయన డ్యూటీల ఉండె, నేను సాక్ష్యం అంది. నీ మొగని దిక్కు చెప్పక ఇంకెట్ల చెప్తవ్ అన్నాడు. ఆదివారం తండాకు రావాలట. అక్క రమ్మన్నదట. మెట్లు దిగుతూ చెప్పాడు, నా మొహం చూడకుండా.

21 మార్చి

ఎవరో రాసినట్టు అనుకుని కథ మళ్లీ చదివాను. వీడే వదిలాడు అనిపించింది.

22 మార్చి, ఆదివారం

వరుసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

వదిన అరుస్తుందనుకున్నాను. మంచం వాల్చి కూర్చోమంది. లాలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. హేమ్లి గుమ్మంలో, పత్రిక గొట్టంలా చుట్టి రెండు చేతులతో పట్టుకుని. నన్ను కాకా అని పిలవలేదు. మేం మాట్లాడుకున్నది మా తండా భాషలో. తెలుగులో రాసుకుంటున్నాను.

వదిన ప్రశ్నలు అడిగింది. ఆయన ఏ అంగీ తొడుక్కున్నడు? చలి పెట్టిందా? ఏమన్నా తిన్నడా? బీడీలు తడిసినయని తిట్టుకున్నడని చదివితే నవ్వొచ్చిందట. అచ్చం ఆయన తిట్టినట్టే ఉన్నదట. నేను నోరు తెరవకముందే అంది, "నువ్వు ఇడిచినవని నాకు కోపం లేదు. గంత వరదల ఎంతసేపు పట్టుకుంటవ్? నీకూ పెండ్లాం ఉండె. ఆయన ఒక్కడే పోయిండని ఇన్నేండ్లు ఏడ్చిన. మా పిల్ల సదివినంక ఆ దినం కడుపునిండ తిన్న. తమ్ముడు పక్కన ఉండె, చెయ్యి పట్టుకొని ఉండె అని."

అవును వదినా అంటే సరిపోయేది. లాలు నన్ను జీవితాంతం తిట్టుకునేవాడు, ఆమె తినేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ హేమ్లి చూస్తోంది. వాళ్ల నాన్న గురించి ఒక అబద్ధం మీద ఆ పిల్ల పెరగాలా?

నేను లేను వదినా అన్నాను. ఆ రోజు పాల్వంచలో ఉన్నాను, పడవ కూడా చూడలేదు, అంగీ, బీడీలు, చింతకొమ్మ, అన్నీ నేను కల్పించినవే.

వదిన మొహం మారడం చూశాను. కోపం కాదు. ఎదురుగా ఉన్న దీపం ఎవరో తీసుకుని వెళ్లిపోయినట్టు.

"గట్లయితే ఆయన మల్ల ఒక్కడే అయిండు" అంది. లేచి లోపలికి వెళ్లింది. మళ్లీ రాలేదు.

అప్పుడు హేమ్లి మాట్లాడింది. ఏడుస్తూ కాదు, పంతులమ్మలా గట్టిగా. "మరి నేను అంటే ఎవరు కాకా? నేను నేను అని సదువుకుంట పోయిన. సగం అయినంక అది నువ్వు అని యాదికి లేదు. నేనే పడవల ఉన్న. నేనే బాపు చెయ్యి ఇడిచిపెట్టిన. హాస్టల్ల అన్నం తినలేకపోయిన, ఎరుకేనా నీకు?"

నాకు ఎరుక లేదు. చదివేవాళ్లను ఒడ్డు మీంచి పడవలోకి తేవాలని మాత్రమే అనుకున్నాను. ఎవరు ఎక్కుతారో చూసుకోలేదు. అన్న కూతురు ఎక్కింది.

తప్పయింది బిడ్డా అన్నాను.

లాలు బస్సు దాకా వచ్చాడు. బస్సు కదిలేటప్పుడు, పైలంగ పో బావా అన్నాడు.

27 మార్చి

వెంకటనారాయణ గారికి నిజం చెప్పాను. కొట్టినా బాగుండేది. ఆయన, "మీది కల్పనైతే అయింది. నాది కాదుగా. చెప్పాక నిద్రపడుతోంది" అన్నారు.

6 ఏప్రిల్

ఇంకో కథ పంపమని పత్రికవాళ్లు కార్డు రాశారు. జవాబివ్వలేదు.

19 ఏప్రిల్, ఆదివారం

వదిన కబురు పెట్టింది. పత్రిక పట్టుకుని రమ్మని.

రుక్మిణి కూడా వచ్చింది. వదిన మిర్చి కల్లం దగ్గర కాయలు ఏరుతోంది. పక్కన హేమ్లి, పరీక్షలు అయిపోయి ఇంటికొచ్చింది. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది.

"సదువు" అంది వదిన.

అది నిజం కాదు కదా వదినా అన్నాను.

"నువ్వు లేవని ఎరుకే. అయితే పడవల నీ జాగ ఖాళీనే గద. నేను కూసుంట."

నాకు అర్థం కాలేదు. హేమ్లికి అయింది. సదువు కాకా, ఊరికె సదువు అంది.

చదివాను. "నేను" అన్న ప్రతిచోటా వదిన పెదవులు కదిలాయి. ఎక్కాను, కూర్చున్నాను, పట్టుకున్నాను. చదువుతుంటే గమనించాను, మన తెలుగులో ఈ మాటలు మగవాడివో ఆడదానివో తెలియదు. ఎవరు పలికితే వాళ్లవే. నేను మార్చాల్సి వచ్చింది ఒక్కటే. అన్న అని ఉన్నచోట ఆయన అని చదివాను.

"చెయ్యి" దాకా రాగానే వదిన ఆపమన్నట్టు చెయ్యెత్తింది. మిర్చి ఘాటుకో ఏమో అందరికీ కళ్ల నీళ్లు కారుతున్నాయి.

అక్కడితో ఆపాను. తర్వాతి మాట ఈసారి ఎవరూ చదవలేదు.

10 మే, ఆదివారం

వరద తర్వాత వదిన గోదావరి వైపు పోలేదు. భద్రాచలంలో కూలి దొరికినా వంతెన దాటేది కాదు. ఈరోజు తనే బయల్దేరదీసింది. వదిన, హేమ్లి, లాలు, నేను, రుక్మిణి. ఎండాకాలం నది సన్నగా ఉంది, ఇసుక కాలింది. వదిన మోకాళ్ల లోతు దాకా పోయి నిలబడింది. బీడీకట్ట ఒకటి నీళ్లలో వదిలింది.

తిరుగు బస్సులో వదిన పక్కన ఎవరో పెద్దామె కూర్చుంది, నాగక్క అట, ఒడిలో మామిడికాయల సంచి. రాముని దర్శనం అయిందా అని అడిగింది. వదిన చెప్పడం మొదలుపెట్టింది. నేను వెనక సీట్లో ఉన్నాను.

"మా ఆయన గీ నీళ్లల్లనే పోయిండు. నేను పక్కనే ఉన్న. పడవల."

లాలు చప్పున నా వైపు తిరిగాడు. ఊరుకో అన్నట్టు తల ఊపాను. హేమ్లి కిటికీలోంచి బయటికి చూస్తోంది. తల్లిని సరిదిద్దలేదు.

అంగీ రంగు చెప్పింది. నా కథలో రంగు లేదు. కోడిపెట్టను ఎవరు పట్టుకున్నారో చెప్పింది. కొమ్మ దొరికిందని చెప్పింది. ఆగింది. అయ్యో, ఇడిచినవా బిడ్డా అని నాగక్క అడిగింది.

"నేను ఇడువలె. ఆయననే నా చేతి ఏళ్లు ఒక్కొక్కటి ఊడదీసిండు. ఇంటికాడ పిల్ల ఉన్నది, పో అన్నడు."

నాగక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. సంచిలోంచి రెండు మామిడికాయలు తీసి వదిన ఒడిలో పెట్టింది. నేను సీటు కమ్మీ పట్టుకుని ముందుకు వంగి ఉన్నాను. తర్వాత అన్న ఏమన్నాడో వినాలని.

11 మే, సోమవారం

కొత్తగా వచ్చిన ఫోర్‌మన్ కథ చదివాడట. ఆ రోజు పడవలో ఉన్నది మీరేనా అని అడిగాడు. నేను కాదు, మా వదిన అన్నాను.

వదిన కూడా ఆ పడవలో లేదన్న సంగతి ఇంటికొచ్చి ఇది రాస్తుంటే గానీ గుర్తు రాలేదు.