నూతి పక్కన వేసిన కుర్చీ

చిట్టితల్లీ,

నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను, తప్పులుంటే నవ్వకు. నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు.

మన నూతి పక్కన పెంటకుప్ప తీయించమని మూడు అర్జీలు రాశావు కదా. మెంబరు గారేమో ఓట్లకి వచ్చినప్పుడల్లా వీధి మొదట్లోనే దండలు వేయించుకుని మళ్లిపోయేవారు. "ఆయన్ని ఒక్కసారి నూతి దాకా నడిపించాలే అమ్మా" అనేదానివి.

నిన్న మళ్లీ వచ్చారు. వీధి మొదట్లో ఎవరూ దండ వేయలేదు. మేం ఆడవాళ్లం కుప్ప పక్కనే కళ్లాపి చల్లి, ముగ్గేసి, నువ్వు చదువుకునే కుర్చీ వేశాం. నేనే ఎదురెళ్లి, "రండి బాబుగారూ, మీకోసం సున్నుండలు చేశానండీ" అన్నాను. అందరి ముందూ కాదనలేక వచ్చి కూర్చున్నారు. కుప్పలోని చేపల పొలుసు మీది ఈగలన్నీ లేచి ఆయన చేతిలోని సున్నుండల పళ్లెం మీద వాలాయి.

"ఏమ్మా, కుర్చీ ఇక్కడ వేశారేంటి?" అన్నారు, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని.

"మేం రోజూ తాగే నీళ్లు ఇక్కడివేనండీ. మా అమ్మాయి మీకు మూడుసార్లు రాసిందండీ."

ఆయన పళ్లెం కింద పెట్టబోయారు. పక్కింటి సూరమ్మత్త ఊరుకుంటుందా? "ఇంకోటి వేసుకోండి బాబూ, మొహమాటపడకండి" అంది.

ఈ పొద్దున నాలుగు బళ్లు వచ్చి కుప్పంతా ఎత్తుకుపోయాయి. అడుగున నల్లరాతి చప్టా బయటపడింది. దాన్ని నువ్వు చూడనే లేదు. అందరం కలిసి కడిగాం. "ఇది మన చిట్టి చేయించిన పనే" అంది అత్త.

ఆ చప్టా మీద ఆకు వేసి నీకు సున్నుండలు పెట్టాను. ఇప్పుడు ఈగలు లేవమ్మా. కడుపునిండా తిను.

అమ్మ