ఉప్పు వేయని పుల్ల

మే నెల, ఆదివారం రాత్రి

సాయంత్రం బారువ సముద్రం ఒడ్డున కొబ్బరి చిప్పల నిప్పుల మీద కబాబులు కాల్చాం. కోడి ముక్కలకు మసాలా నేనే పట్టించి పుల్లలకు గుచ్చాను. దమయంతి తమ్ముడు సింహాచలం ఒక ముక్క కొరికి మొహం చిట్లించాడు.

"ఏటి బావా, దీనికి ఉప్పేదీ? ముసలోడివైపోనావేటి?"

అందరూ నవ్వారు. అంతలోనే అతనికి తట్టింది.

"అక్క పుల్లా?" అన్నాడు మెల్లగా.

దమయంతి కిడ్నీలు పాడయ్యాక ఆరేళ్ళపాటు, ఉప్పు కలపకముందే నాలుగు ముక్కలు తీసి ఆమెకు వేరే గుచ్చేవాణ్ణి. ఆమె పోయి ఎనిమిది నెలలు. ఇవాళ కూడా తీశాను. గుచ్చేటప్పుడు ఆమె లేదని గుర్తే రాలేదు.

కిందటి వేసవిలో అక్కడే అడిగింది. "ఒక్క ముక్క ఉప్పుది పెట్టండీ, ఏటైపోద్ది?" డాక్టరు మాట చెప్పి, పెట్టలేదు. పెట్టి ఉంటే మాత్రం...

సింహాచలం పక్కన పెట్టిన పుల్ల తీసుకుని, మిగిలిన మూడు ముక్కలూ తిన్నాను. ఆరేళ్ళు కాల్చి పెట్టాను గానీ ఏనాడూ రుచి చూడలేదు. ఇంత చప్పగా ఉంటుందని ఇవాళే తెలిసింది.

ఎలా ఉందని అడిగినప్పుడల్లా, బాగుందనే చెప్పేది.