కూలి కేక

మా కృపమణక్కకు,

తప్పులుంటే మన్నించు. ఐదో తరగతితో ఆగిన చెయ్యి, అక్షరాలు వంకర పోతున్నాయి. ఫోనులో చెప్పలేను. మాకున్నది ఒక్క ఫోను, మా ఆయన పక్కనే ఉంటాడు.

ఇక్కడ కడపలో కుట్టుపని దొరికిందని చెప్పాను కదా. ఎలా దొరికిందో చెప్పలేదు. బడిపిల్లల బట్టలు కుట్టే షాపు. "జీతం ఎంత అనుకుంటాండావమ్మా?" అని షావుకారు అడిగాడు. "ఎంతిస్తే అంత అను, ఎదురు అడగొద్దు" అని మా ఆయన ఇంట్లోనే నేర్పి పంపాడు. తల వంచుకుని అదే అన్నాను. ఏడు వేలన్నాడు, ఎవరికీ చెప్పవద్దన్నాడు. నాతోపాటే చేరిన జీవిత, పక్క మిషను దగ్గర కూర్చునే పిల్ల, తనకు తొమ్మిది వేలని నిన్న చెవిలో చెప్పింది. తను అడిగిందట.

నీ కేక గుర్తొచ్చిందక్కా. పత్తి ఏరే రోజుల్లో నువ్వు ముందురోజు సాయంత్రమే వీధిలో నిలబడి "రేపు కూలి ఇంత" అని కేకేసేదానివి. అది చెవిన పడందే మనలో ఒక్కరు కూడా చేనికి పోయే ఆటో ఎక్కేవాళ్లు కాదు. నీ చెల్లెలినై ఉండి ఇక్కడ నేను కూలెంతో అడగకుండానే ఎక్కేశాను.

సోమవారం ఇంకో షాపులో మనుషుల్ని తీసుకుంటున్నారు. పోతాను. ఈసారి ముందు అడుగుతాను. ఆయనకు తెలిస్తే పరువు పోయిందంటాడు. చదివి దీన్ని పొయ్యిలో వేసెయ్యి.

నీ చెల్లెలు
మహిమ

అక్కా,

అక్షరాలు ఇప్పుడూ వంకరే. చెయ్యి మాత్రం ఈసారి ఆగడం లేదు.

ఆ షాపులో ఆరుగురం బెంచీ మీద కూర్చున్నాం. మేనేజరు ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తానన్నాడు. మొదటి పేరు నాదే. లేచాను గానీ గడప దాటలేదు. అక్కడే నిలబడి, "సార్, జీతమెంతో ఈడనే చెప్పండి. అందరం వింటాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"అది ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటాదమ్మా. నీకెంత కావాలో లోపలికొచ్చి చెప్పు."

"మిషన్లు ఒకటే, కుట్టేది ఒకటే కద సార్. మా ఊర్లో కూలి కేకేస్తేనే ఆటో ఎక్కుతాం."

బెంచీ చివర కూర్చున్న పెద్దామె, ఈరక్క అట, "నాకు చెవుడుండాది నాయనా, రోంత గట్టిగా చెప్పు" అంది. అందరూ నవ్వారు. లోపలికి మాత్రం ఎవరూ పోలేదు. మేనేజరు పెన్ను తిప్పుతూ మా వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. చివరికి ఆయనకూ నవ్వొచ్చింది. "పది వేలు. అందరికీ. సరేనా తల్లీ?"

"ఇనపడిందప్పా" అంటూ ఈరక్క మా అందరికంటే ముందు లోపలికి పోయింది. ఆరుగురికీ పని దొరికింది.

ఇంటికి వచ్చి మా ఆయనకు నేనే చెప్పాను. తిడతాడనుకున్నాను. చేతులకంటిన బండల పొడి దులుపుకున్నాడు. "బండల ఫ్యాక్టరీలో నా పక్కనోనికి ఎంతిస్తారో నాకింతవరకు తెలీదు మహిమా" అన్నాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, "రేపు అడుగుతా. నీ మాదిరే, అందరి ముందర" అన్నాడు.

పోయిన ఉత్తరం కాల్చేసి ఉంటావు, మంచిదే. దీన్ని కాల్చొద్దక్కా. సాయంత్రం వీధిలో కూలి కేకేసేటప్పుడు, దీన్ని కూడా గట్టిగా చదువు.

నీ గొంతు నేర్చుకున్న చెల్లెలు
మహిమ