రీకాల్ అంటే మళ్ళీ

జూన్ 12
మా ఆయన ఫోనుకు కారు కంపెనీ మెసేజ్. ఇంగ్లీషులో రెండు లైన్లు. పొయ్యి మీద చేపల పులుసు, నా చేతిలో గరిటె. "ఏందో చూడు సుజాతా, ఇంగ్లీషు టీచరు గదా" అంటూ ఫోను మొహం ముందు పెట్టారు. సేఫ్టీ రీకాల్... స్టీరింగ్ మోటారు... మీ డీలరు... సగం చదివి చెప్పేశాను. రీకాలంట, వాళ్ళే మళ్ళీ కాల్ చేస్తారంట.

జూన్ 20
కాల్ రాలేదు.

జూలై 3
స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కుతోందట. కృష్ణపట్నం పోర్టులో క్రేను నడిపే మనిషికి ఇంత చిన్న కారు బరువా అని ఆటపట్టించాను. ఆయనా నవ్వారు. "కాల్ చేస్తారు గదా, అప్పుడు చెప్తాలే."

జూలై 9
నెల్లూరు షోరూంలో సర్వీసు. కడిగి, తుడిచి, లోపల మల్లెపూల సెంటు కొట్టి ఇచ్చారు. స్టీరింగ్ సంగతి చెబితే "ఈ మోడల్‌కి మామూలే మేడం" అన్నాడు మేనేజరు. మామూలే అంటే భయం లేదనుకున్నాను. వాడు అన్నది వేరు – వాళ్ళకు ముందే తెలుసని.

మేనేజరు సంగతి తర్వాత రాసింది. ఆ రోజు సెంటు బాగుందని మాత్రమే రాసుకున్నాను.

ఆగస్టు 1
ముత్తుకూరు దాటాక, రొయ్యల గుంటల దగ్గర మలుపు. చక్రం తిరగలేదు. కారు కట్ట దిగి నీళ్ళలోకి. ఆయన కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆస్పత్రిలో ఒకటే మాట – "తిప్పినాను సుజాతా. ఎంత తిప్పినా తిరగలా."

ఆగస్టు 2
కారు కొన్న రోజు పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. దేవుడి మీద నాకు కోపం లేదు. స్టీరింగ్ మోటారు ఆయన తయారు చేయలేదు.

ఆగస్టు 11
షోరూం. అదే మేనేజరు.
"జూన్‌లోనే రీకాల్ మెసేజ్ పంపినాం సార్. మీరే బండి తేలేదు."
"కాల్ చేస్తారని చూస్తా ఉన్నాం..."
నవ్వాడు. "రీకాల్ అంటే ఫోను కాల్ కాదు సార్! బండిలో లోపం ఉంది, వెనక్కి తెండి అని."
చుట్టూ ఉన్నవాళ్ళు తలలెత్తారు. ఆయన నా వైపు చూడలేదు. "ఆ మెసేజ్ నేనే చదివినా. నాకు ఇంగ్లీషు రాదు" అన్నారు.
చదివింది నేనేనని ఒప్పుకోలేదు. జూలైలో కారు మీ చేతుల్లోనే ఉంది కదా, అప్పుడెందుకు బాగుచెయ్యలేదని అడగాల్సింది. సిగ్గుతో అదీ అడగలేదు. నా మీద నాకే అసహ్యం.

ఆగస్టు 12
ఏడో తరగతి. ప్రిఫిక్సులు. రీ అంటే మళ్ళీ. రీరైట్, రీఓపెన్... ఇంకోటి చెప్పమంటే వెనక బెంచీ నుంచి – "రీకాల్, మిస్!"
బోర్డు తుడిచేశాను.

సెప్టెంబరు 16
ఆయనకు కట్టు విప్పారు. పిడికిలి బిగుసుకోవడం లేదు. మంచినీళ్ళ గ్లాసు జారిపోయింది. పట్టు రాకపోతే క్రేను ఎక్కనివ్వరు. క్రేను తప్ప ఆయనకు ఇంకో పని తెలియదు.

సెప్టెంబరు 18
షోరూం నుంచి ఇంగ్లీషులో కాగితం. కింద సంతకం పెడితే మోటారు ఉచితంగా మారుస్తారట. మూడో పేరా – సమాచారం సకాలంలో అందింది, బండి తేకపోవడం మా పొరపాటు, ఇక ఏ ఫిర్యాదూ లేదు.

సంతకం వద్దంటే కేసు వెయ్యాలి. కేసంటే ఆ మెసేజ్ చదివిందెవరని అడుగుతారు. నా పేరు, నా బడి, నా ఇంగ్లీషు... అందరికీ తెలుస్తుంది. సంతకం పెడితే ఆయన చెయ్యి ఆయన తప్పే అవుతుంది.

ఎదురుగా కూర్చున్నారు. ఎడమ చేతిలో పెన్ను. "యాడ పెట్టాలో చూపించు."
ఆగండి, ఇంకా చదువుతున్నా అన్నాను.
"నిదానంగా చదువు. నువ్వు చదివి చెప్పినాక నాకేం భయం?"

మూడో పేరా. మళ్ళీ.