ఏట్రింతలు ముందే వచ్చాయి

ఫిబ్రవరి 18

ఈ ఉదయం తార్నాక నుంచి క్యాంపస్‌కు నడుస్తుంటే, హాస్టళ్ల రోడ్డు మీద కరెంటు తీగ నిండా ఏట్రింతలు, తోక చీలిన నల్ల పిట్టలు. ఇన్నింటిని ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. తోకలు ఆడిస్తూ, అన్నీ క్యాంపస్‌లోని పొదల అడవి వైపే చూస్తున్నాయి. కింద నలుగురు కూలీలు టీ తాగుతున్నారు. పక్కన తడి గోనెసంచులు. నన్ను చూసి మాట ఆపారు.

పిట్టల లెక్కకు పొదల్లోకి పోలేదు. మా గైడు సారు నిన్ననే వద్దన్నారు — "రేపు బంద్ కదమ్మా, లైబ్రరీలో కూర్చో." నా పని గురించి ఆయన ఇంత పట్టించుకోవడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 19

నిన్న మధ్యాహ్నం తెలంగాణ ఊరేగింపు. టియర్ గ్యాస్. లైబ్రరీ కిటికీలు మూసేశారు, అయినా కళ్లు మండాయి. సాయంత్రానికి పొదల అడవి దాదాపు అంతా కాలిపోయింది. విద్యార్థులే అంటించారని పోలీసులు. గ్యాస్ గుండ్ల వల్లేనని విద్యార్థులు.

ఫిబ్రవరి 20

స్వరూపతో కలిసి వెళ్లి చూశాను. ల్యాబులో నా పక్క బల్ల తనది. కౌజు పిట్ట గుడ్లు నాలుగు, నల్లగా పగిలి... ముళ్లకంప కొమ్మకు చిన్న తేనెపట్టు ఉండేది. మైనం కారి కొమ్మ మీదే గట్టిపడింది. నీళ్ల ట్యాంకు కింద పెద్ద పట్టు ఖాళీ. ఈగలు పొగకే లేచిపోయి ఉంటాయి.

బూడిద మీద పాలపిట్టలు, ఐదో ఆరో. స్వరూప దండం పెట్టుకుంది. "పాలపిట్ట గనవడ్డదంటే ఇగ తెలంగాణ వచ్చుడే."

దాక్కోవడానికి గడ్డి లేని మిడతల్ని తినడానికి వచ్చాయని చెప్పలేదు. అంత సంతోషంగా ఉంది తను.

ఇంటికి వచ్చాక తట్టింది. ఏట్రింతలూ అందుకే వస్తాయి. మంటకు పురుగులు లేస్తాయి, వాటి కోసం. మరి ఆ రోజు పొద్దున్నే, ఊరేగింపు ఇంకా మొదలు కాకముందే, ఎందుకు వచ్చినట్టు?

ఫిబ్రవరి 22

నిప్పు పెట్టినవాళ్లంటూ, విచారణ కమిటీ ముందుకు రావాలంటూ నోటీసు బోర్డు మీద పేర్లు. అందులో స్వరూప.

"కేసయితే సర్కారు నౌకరి రాదు. మా అమ్మ బీడీలు చేసి సదివిచ్చింది."

ఏట్రింతల గురించి, గోనెసంచుల గురించి చెప్పాను.

"నీ పిట్టలను కమిటీ ముంగట నిలవెడ్తవా ఏంది?" నవ్వింది. తర్వాత నవ్వలేదు. "నువ్వు చెప్పు. నీ మాటయితే వాళ్లు ఇంటరు. నువ్వు మావోళ్లల్ల లెవ్వు గద."

ఫిబ్రవరి 23

సారును అడిగాను. ఆ రోజు రోడ్డు మీద కూలీలు ఎవరని. అంతే అడిగాను.

"గడ్డి ఎవరు కాల్పించారో నాకెలా తెలుస్తుందమ్మా?"

కాల్పించారా అని నేను అడగలేదు.

ఆయనే క్లాసులో చెప్పారు. ఎండలు ముదరకముందే, గాలి లేని పొద్దుపూట, కొంచెం కొంచెంగా కాల్చేస్తే వేసవిలో పెద్ద మంట రాదని. తడి గోనెలతో అంచులు ఆర్పుకుంటూ పోవాలని. మాట నిజమే. కానీ గాలి లేస్తే? పిట్టలు గుడ్లు పెట్టే రోజులైతే?

ఫిబ్రవరి 24

అమ్మ పప్పు వడ్డిస్తూ — "మనకెందుకే ఆ గొడవ? గుంటూరు వాళ్లమని ఇప్పటికే వేలెత్తి చూపిస్తున్నారు. నీ థీసిస్ మీద సంతకం పెట్టేది ఆయనేగా?"

కంచంలో చేయి కడిగేసి లేచాను.

ఫిబ్రవరి 25

బూడిదలో సన్నని బెజ్జాలు. నేలలో గూడు కట్టుకునే తేనెటీగలు బయటికి వస్తున్నాయి! మంట అంత లోతుకు దిగలేదన్నమాట. పాపం, చుట్టూ ఒక్క పువ్వు లేదు. దూరంగా పూసిన మోదుగ ఒకటే.

ఫిబ్రవరి 26

క్యాంటీన్లోకి వెళ్తే మాటలు ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో — "సారు మనిషి వచ్చింది, సప్పుడు జెయ్యకుండ్రి."

అక్కడే ఉన్న స్వరూప వాళ్లనేమీ అనలేదు. తను కూడా నన్ను నమ్మడం లేదా? పొద్దున్నే ఏట్రింతలున్నాయని చెప్పింది నేనే కదా. లేక అదే అనుమానమా — అంత తెలిసినదాన్ని ఆ రోజే ఎందుకు చెప్పలేదని?

కాన్వెంటులో ఒకసారి సిస్టర్‌ను అడిగాను, అడక్కపోయినా నిజం చెప్పాలా అని. ప్రార్థన చేసుకో అన్నారు.

ఫిబ్రవరి 27

కమిటీ గది బయట బెంచీ మీద రాస్తున్నాను. లోపల స్వరూప. మాటలు వినపడటం లేదు. ఒకసారి మాత్రం తన గొంతు — "నేను గాడ లేనే లేను సార్."

సాక్షిగా నా పేరు నేనే ఇచ్చాను. ఇంకా పిలవలేదు.

ఇందాక సారు వచ్చారు. లోపలికి వెళ్లబోతూ ఆగి, నెమ్మదిగా — "నీ పనికేం నష్టం రాలేదు కదమ్మా?"

తల ఊపాను. ఏ వైపు ఊపానో నాకే తెలియదు. ఆయన నవ్వి లోపలికి వెళ్లారు.

పొదల మధ్య నేను పిట్టల్నీ తేనెటీగల్నీ లెక్కపెట్టే చోటు ఒకటుంది. నాలుగు మూలలా మేకులు, తాడు. సారు చూపించిన చోటే. అది ఒక్కటే కాలలేదు. మంట అంటకుండా చుట్టూ గడ్డి ముందే చెక్కేసి ఉంది.