కొబ్బరికాయ లేవలేదు

గుంటూరు,
12 జూన్ 1968

యోబు బావగారికి,

మా బొల్లాపల్లి చేనులో నీళ్లు పడతాయని పిల్లల పెళ్లినాడు మీరు మాటిచ్చారు. నీళ్లజాడ చెప్పే మీ గురవయ్య అరచేతిలో కొబ్బరికాయ నిటారుగా లేచినచోటే బావి తవ్వించాను. అందులో ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి.

డాక్టరమ్మ సూది ఎక్కడ దించాలో ముందు మన మనిషి చూడాలని, నిన్న మీరు అదే గురవయ్యను ఆసుపత్రికి పంపారు. మా అమ్మాయి హన్నమ్మ నెత్తురూ మీ అబ్బాయి నెత్తురూ పొసగక ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. ఈ బిడ్డ ఎలా ఉందో తెలియాలంటే సూదితో కాస్త ఉమ్మనీరు తీయాలన్నది డాక్టరమ్మ. నీరు కారిపోవచ్చనీ, నొప్పులు ముందే రావచ్చనీ, సూది బిడ్డకు తగలవచ్చనీ దాచకుండా చెప్పింది. చూడకుండా కూర్చుంటే ఇంకా ప్రమాదమన్నది. నేను చదివిన పుస్తకాల్లో ధైర్యం చెప్పే వాక్యం ఒక్కటీ దొరకలేదు.

హన్నమ్మ పొట్ట మీద గురవయ్య కొబ్బరికాయ పట్టాడు. లేవలేదు. మూలనున్న కూజా దగ్గర లేచింది.

"ఈడ నీళ్లు లేవమ్మా. సూది దండగ."

"ఏంది బాబాయ్, నేనేమన్నా బీడు చేనునా?" అని హన్నమ్మ నవ్వింది. తర్వాత ఏడ్చింది.

ఆ మాట నమ్మి మీ అబ్బాయి ఆసుపత్రి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టకుండానే ఊరి బస్సెక్కాడు. ఈ ఉత్తరం అందగానే మొదటి బస్సుకు అతన్ని పంపండి. సూదంటే నాకూ భయమే. అమ్మాయి మాత్రం ఒప్పుకుంది.

బిడ్డ దక్కకపోతే సూదిని అనను. గురవయ్యనూ అనను, బావి ఎండినప్పుడే అతన్ని అనలేదు. ఆనాడూ ఈనాడూ నేను తప్పుపట్టేది మిమ్మల్నే, యోబు బావగారూ.